ఇంటి కాగితం: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత కుటుంబ జీవనంలో చేతిరాత

వ్యాససంగ్రహం:
కుటుంబాలు దాచుకొనే చీటీలు, పద్దుపుస్తకాలు, ఉత్తరాలు, రశీదులు పరిశోధకుల దృష్టికి తరచుగా రావు. పశ్చిమ కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాన్ని ఆధారం చేసుకొని, ఇంటి చేతిరాతను జ్ఞాపకం, బంధుత్వం, సాక్ష్యం అనే మూడు ప్రయోజనాల దృష్ట్యా ఈ వ్యాసం వివరిస్తుంది. కలం ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న ఈ మూడింటికీ మూలమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: చేతిరాత, పద్దు, చీటీ, ముయ్యి, చెల్లు, ఆదోని, ఎమ్మిగనూరు.

1. ఉపోద్ఘాతం:
రాఘవేంద్రస్వామి చరిత్రలో భాగంగా ఆదోని ప్రాంతంలో దివాన్ వెంకన్న ఐతిహ్యం ప్రచారంలో ఉంది. వెంకన్న అక్షరం రాని అనాథ. ఆదోని పాలకుడు తనకు అందిన లేఖను అతని చేతికిచ్చి చదవమన్నాడు. చదువు రాదంటే నమ్మక, చదవకపోతే శిక్ష తప్పదన్నాడు. వెంకన్న స్వామిని తలచుకొని లేఖ చదివాడు. అందులోని శుభవార్త అతనికి అదృష్టాన్ని తెచ్చింది, కాలక్రమంలో దివాన్ అయ్యాడు. భక్తులకు ఇది స్వామి మహిమ. లేఖన చరిత్రను అధ్యయనం చేసేవారికి ఇందులో మరొక అర్థం కూడా కనిపిస్తుంది. చదవలేని మనిషి చేతిలో కాగితం పెట్టినప్పుడు అతని బతుకు ఆ కాగితానికి లోబడుతుంది. ఈ ప్రాంతపు కుటుంబాలకు కాగితంతో గల సంబంధాన్ని అర్థం చేసుకోవడానికి ఈ కథ తగిన ప్రవేశద్వారం.

2. ప్రాంతం – పదజాలం:
1800లో నిజాం నుండి ఈస్టిండియా కంపెనీకి దత్తమైన మండలాలలో ఆదోని ఒకటి. తరువాత బళ్లారి జిల్లాలో భాగమై, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రంలో చేరింది. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించే ఈ సీమలో లెక్కల భాష కూడా మిశ్రమమే. కాగితం, కలం, ఖర్చు, బాకీ, వసూలు, రశీదు, దస్తావేజు అరబ్బీ, పారశీక మూలాల నుండి వచ్చాయి. రాత, పద్దు, చెల్లు మాత్రం దేశీయాలు. అధికారానికి, వ్యాపారానికి చెందిన మాటలు పైనుండి వచ్చి ఇంటి పుస్తకంలో స్థిరపడ్డాయని దీనిని బట్టి గ్రహించవచ్చు.

కాగితం చౌక కాకముందు తాటాకు కవిలెలతోపాటు కడితాలు వాడుకలో ఉండేవి. గుడ్డకు మసి, జిగురు పట్టించి మడతలుగా చేసి, బలపంతో వ్రాసేవారు. తుడిచి మళ్లీ వ్రాసుకొనే వీలుండటం వల్ల అది వ్యాపారి దినలెక్కకు అనువైనది. మార్కాపురం రాతిపలకపై అక్షరాలు దిద్దిన పిల్లవాడు కూడా ఇదే పద్ధతిలో నేర్చుకొన్నాడు. చెరగని రాత సామాన్యుని ఇంట్లోకి చౌక కాగితం, పెన్సిలు, బాల్‌పెన్నుతో ప్రవేశించింది.

3. జ్ఞాపకంగా చేతిరాత:
ఇంటి రాతలో అత్యంత స్వల్పాయువు గలది సరుకుల చీటీ. అంగడివాడు సామాన్లు కట్టి, ధరలు పక్కన వేసి, కూడిక చేసి తిరిగి ఇస్తాడు. అంటే ఒకే కాగితం మీద ఇల్లాలి కోరిక, అంగడి లెక్క కలిసి ఉంటాయి. చీటీలో బొరుగులు, పుట్నాలు కనబడితే ఆ ఇంట ఉగ్గాని చేయబోతున్నారని ఈ ప్రాంతంవారు ఇట్టే పోల్చుకొంటారు. వేరుశనగకు బుడ్డలు అని వ్రాయడం వంటివి మాండలిక పరిశోధకునికి విలువైన ఆధారాలు. పాఠ్యపుస్తకం సరిదిద్దిన భాష ఇక్కడ కనిపించదు, నోట పలికిన రూపమే కాగితం మీదికి వస్తుంది.

పాలలెక్క క్యాలెండరు గడులలో నడుస్తుంది. పాలు రానినాడు సున్నా. బట్టల లెక్కకు పెట్టిన చాకలిపద్దు, అంతులేని జాబితాకు జాతీయంగానే మారిపోయింది. నెల తిరగగానే వీటి పని పూర్తవుతుంది. అందువల్లనే అవి మిగలవు.

4. బంధుత్వంగా చేతిరాత:
భారతదేశంలో పోస్టుకార్డు 1879లోను, ఇన్‌లాండు ఉత్తరం 1950లోను వచ్చాయి. కార్డుపై విషయం అందరికీ కనబడుతుంది, ఇన్‌లాండు మడతలో దాగుతుంది. ఈ తేడాను గమనించే ఏది కార్డుకు తగినదో, ఏది మడతకు తగినదో కుటుంబాలు నిర్ణయించుకొన్నాయి. శుభవార్తకు నాలుగు మూలలా పసుపు పూయడం, చావుకబురు తెచ్చిన కార్డును చదివి చించివేయడం తెలుగునాట విస్తృతంగా ఉన్న ఆచారాలు. కాగితం విషయాన్ని మోసే వాహకం మాత్రమే కాదు, శుభాశుభాలు అంటుకొనే వస్తువు కూడా.

పశ్చిమ కర్నూలు వర్షాభావ ప్రాంతం. పని లేని నెలలలో కుటుంబాలు గుంటూరు వైపు మిరప కోతలకు, బెంగళూరు వంటి నగరాలకు కూలికి వలస వెళ్తాయి. వలసవెళ్లినవారికీ ఊరిలో మిగిలిన ముసలివారికీ మధ్య చాలాకాలం మనియార్డరు వారధిగా నిలిచింది. దాని అడుగున సందేశానికి విడిచిన చిన్న చోటులో రెండు మూడు వాక్యాలు మాత్రమే పట్టేవి. అక్షరం రానివారు ఆ వాక్యాలను ఇతరులచేత వ్రాయించి, ఇక్కడ ఇతరులచేత చదివించుకొన్నారు. కాబట్టి భార్యాభర్తల మాట కూడా ఇద్దరు మధ్యవర్తుల గుండా నడిచేది. చెప్పలేక వదిలివేసిన మాటలు ఆ ఉత్తరాలలో ఉండవు. వాటిని చదివే పరిశోధకుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పెండ్లిలో చదివింపుల పుస్తకం మరొక ముఖ్యపత్రం. ఒకరు పెట్టిన కట్నానికి తిరిగి పెట్టే మర్యాదను కన్నడ, తెలుగు భాషలు రెండూ ముయ్యి అన్న మాటతో సూచిస్తాయి. పేరు, ఊరు, మొత్తం వ్రాసిన ఆ పుస్తకాన్ని ఏళ్ల తరువాత ఎదుటివారింట పెండ్లి జరిగినప్పుడు తెరుస్తారు. అప్పుగా ఎవరూ ఒప్పుకోని ఋణాన్ని అది జ్ఞాపకం ఉంచుతుంది.

5. సాక్ష్యంగా చేతిరాత:
ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప కృషితో 1938లో చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఆయనకు 1954లో పద్మశ్రీ లభించింది. సహకార పద్ధతిలో నూలును తూకం వేసి ఇస్తారు, నేసిన బట్టను లెక్కించి తీసుకొంటారు, కూలి కడతారు. ఈ మూడు దశలలోనూ అంకె పడాలి. నేతగాని ఇంటిలోని పుస్తకం సంఘం పుస్తకంతో సరిపోలినప్పుడే అతని శ్రమ పూర్తిగా లెక్కకు వస్తుంది.

పత్తి, బుడ్డలు పండించే రైతుకు ఆదోని మార్కెట్టు ప్రధానం. పెట్టుబడికి అప్పు తెచ్చినప్పుడు ప్రామిసరీ నోటు వ్రాస్తాడు. కొంత సొమ్ము కట్టినప్పుడు నోటు వెనుక చెల్లు వేస్తారు. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం నోటు బాకీపై దావాకు సాధారణ గడువు మూడేళ్లు. గడువులోగా కొంత చెల్లించి, ఆ సంగతిని బాకీదారు స్వయంగా వ్రాసినా, సంతకం చేసినా ఆ తేదీ నుండి కొత్త గడువు మొదలవుతుంది. అందుచేత ఒకే చెల్లు రైతుకు కట్టినట్లు ఋజువు, ఋణదాతకు బాకీ బతికున్నట్లు ఋజువు.

అయితే నోటు ఉండేది ఋణదాత పెట్టెలో. రైతు ఇంటిలో మిగిలేది సొంత పుస్తకంలోని పద్దు మాత్రమే. క్రమంగా నడిపే వ్యాపార లెక్కలను కూడా, అవి ఒక్కటే బాధ్యత మోపడానికి చాలవనే షరతుతోనే 1872 సాక్ష్య చట్టం 34వ సెక్షను అంగీకరించింది. ఇక ఇంటి పుస్తకం స్థానం మరింత బలహీనం. కట్టిన రోజే చెల్లు వేయించి, రశీదు అడగడం అక్షరాస్యతకు అసలైన పరీక్ష.

6. కలం ఎవరి చేతిలో:
గ్రామలెక్క తరతరాలుగా కరణం చేతిలో ఉండేది. 1984లో ఆ వంశపారంపర్య పదవి ఆంధ్రప్రదేశ్‌లో రద్దయింది. తరువాతి దశకాలలో స్వయంసహాయక సంఘాలు విస్తరించి, పొదుపు పుస్తకం, తీర్మానాల పుస్తకం స్త్రీల వాడుకలోకి వచ్చాయి. వేలిముద్ర వేసిన చోట సంతకం చేయడం గౌరవానికి సంబంధించిన మార్పు. ఎదుటి పుట చదివి ప్రశ్నించగలగడం అధికారానికి సంబంధించిన మార్పు. మొదటిది వచ్చినచోటల్లా రెండవది వచ్చిందని అనుకోరాదు. లెక్క వ్రాసే ఒక్క సభ్యురాలిపై తక్కినవారు ఆధారపడితే కరణం స్థానం మనిషి మారి మిగిలినట్లే.

నేడు చెల్లింపు ఫోనులో జరుగుతోంది. అది రుజువును మిగిల్చేమాట నిజమే. కాని ఫోను పోయినా, నంబరు మారినా ఆ రుజువును తిరిగి పొందడం చదువు తక్కువైన ఇంటికి కష్టం. చదవలేనివారికి సందేశాన్ని మరొకరు చదివి వినిపించవలసిన అవసరం అలాగే ఉంది.

7. ముగింపు:
ఇంటి కాగితాలలో తొందరగా నశించేవి జ్ఞాపకపు చీటీలు. సెంటిమెంటుతో దాచేవి ఉత్తరాలు. భయంతో దాచేవి నోట్లు, రశీదులు. మిగిలినవాటిని మాత్రమే చూసి కుటుంబ జీవితాన్ని అంచనా వేస్తే, అప్పులే తప్ప వంటలు లేని చరిత్ర తయారవుతుంది. కనుక సేకరణలో చిన్న చీటీకి కూడా చోటుండాలి. కుటుంబం అనుమతితో, పేర్లు గోప్యంగా ఉంచి, పాఠంతోపాటు ఎవరు చెప్పారు, ఎవరు వ్రాశారు, ఎవరు దాచారు అన్న మూడు అంశాలను నమోదు చేయాలి. వెంకన్నకు దైవం తోడైందని కథ చెబుతుంది. అందరికీ ఆ తోడు దొరకదు. తన చేతికి వచ్చిన కాగితాన్ని తానే చదువుకొని, తన లెక్కను తానే వ్రాసుకోగలిగిన కుటుంబాల సంఖ్య పెరిగిన క్రమాన్ని నమోదు చేయడం ఈ ప్రాంత సామాజిక చరిత్రకు అవసరమైన పని.