గాజుచర్మం తొడిగిన కొయ్య నౌకలు

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతానికి సముద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉన్నా, మంజీరపై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయాన్నీ, చుట్టుపక్కల టేకు అడవులనూ ఎరిగిన పాఠకులకు కొయ్య పడవకు సంబంధించిన మూలప్రశ్న తేలికగానే అర్థమవుతుంది: బరువు మోసే కలపలోకి నీరు చొరబడకుండా ఆపడమెలా? తెలుగు నేల నదులపై తిరిగే పుట్టి దీనికి చక్కని జవాబు చెప్పింది. అందులో వెదురు అల్లిక ఆకారాన్నీ బలాన్నీ ఇస్తుంది, దానిపై పూర్వం తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా నీటిని అడ్డుకుంటుంది.

కోరంగి, తాళ్ళరేవుల్లో ఒకప్పుడు తయారైన పెద్ద ఓడలది వేరే దారి. వంపు దూలాలకు పలకలు బిగించి, వాటి సందుల్లో నార దట్టించేవారు. తడిసిన కలప ఉబ్బి సందులు మూసుకొనేవి, ఎండితే మళ్ళీ విచ్చుకొనేవి. బొంబాయిలో భారతీయ వడ్రంగులు బాడిసతో చెక్కి నిర్మించిన 32 అడుగుల టేకు నౌక సుహైలీ కూడా ఈ కోవలోదే. దానిపై రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968–69లో 312 రోజుల్లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టి, ఆ ఘనత సాధించిన తొలి మనిషి అయ్యాడు. అయితే అడుగు పలకల సందు కారుతూ ఉండగా నడిసముద్రంలో నీటిలోకి దిగి నార దట్టించి, దానిపై రాగిరేకు కొట్టవలసి వచ్చింది.

ఆ సందునే లేకుండా చేసినది ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపితే రసాయనిక చర్యతో గట్టిపడే జిగురు. 2009లో నౌకాదళంలో చేరిన మాదేయి నౌకను గోవాలోని అక్వేరియస్ కర్మాగారంలో ఈ పద్ధతిలోనే కట్టారు: సన్నని రెడ్ సెడార్ పట్టీలను అచ్చు చట్రాలపై ఒకదాని పక్కన ఒకటి అంటించి, లోపలా వెలుపలా ఎపాక్సీలో తడిపిన గాజునార గుడ్డ పరచారు. గోడ వంగబోయినప్పుడు ఒక పొర సాగుతుంది, రెండోది నొక్కుకుంటుంది, నడుమనున్న కలప ఆ రెంటినీ దూరంగా పట్టి ఉంచుతుంది. ఆ దూరమే గోడకు బిగువు. టేకుకు పెద్దపీట వేసే ప్రాంతంలో వింతగా తోచినా, ఈ పనికి టేకు అంత అనుకూలం కాదు, ఎందుకంటే దానిని చెద నుంచి, కుళ్ళు నుంచి కాపాడే సహజ తైలమే జిగురు పట్టును సడలిస్తుంది, పైగా సెడార్ బరువు దానిలో దాదాపు సగమే.

ఐరోపా, అమెరికాల్లో ఈ పద్ధతి మరో శాఖ వేసింది; ‘స్పిరిట్ ఆఫ్ ట్రెడిషన్’ అనే తరగతి నౌకలకు నీటిపైన పాతకాలపు పొడవాటి సొగసైన రూపమూ, నీటి అడుగున ఆధునికమైన రెక్క వంటి అడుగుదూలమూ ఉంటాయి. గోవాలో 2017లో నీటికెక్కిన తురియా మాత్రం సుహైలీకి నిండు ప్రతిరూపం. 2018 సెప్టెంబరులో హిందూ మహాసముద్రపు తుపాను దాని తెరచాప స్తంభాలను విరిచి, నావికుడు అభిలాష్ టోమీ వెన్నెముకను గాయపరిచినా, నౌక దేహం మునగలేదు.

మాదేయికి చెల్లెలైన 56 అడుగుల తారిణిలోనూ గాజునార పొరల నడుమ ఉన్నది కలపే. హైదరాబాదుకు చెందిన ఐశ్వర్య బొడ్డపాటి, విశాఖకు చెందిన పాతర్లపల్లి స్వాతి సహా ఆరుగురు మహిళాధికారులు 2017 సెప్టెంబరు 10న దానిపై గోవా నుంచి బయలుదేరి, కేప్ హార్న్ మీదుగా భూమిని చుట్టి, 2018 మే 21న తిరిగివచ్చారు. అదే నౌకపై దిల్నా, రూపా అనే ఇద్దరు అధికారులు 2024–25లో భూమిని మరోసారి చుట్టివచ్చారు.