అందరి కళ్లకూ అందే రంగులు

శాస్త్ర సమాచారాన్ని పటంగానో గ్రాఫ్‌గానో చూపేటప్పుడు రంగు అంకె చేయవలసిన పనిని చేస్తుంది కనుక, ఒక రంగుకూ మరో రంగుకూ ఉన్న తేడా చూసేవారికి తెలియకపోతే ఆ సమాచారం వారికి చేరనట్టే. ఆ తేడాను కంటి అంచనాకు వదలకుండా లెక్కగా మార్చి, రంగుల ఎంపికను కంప్యూటర్ ప్రోగ్రామ్ చేత చేయించే పద్ధతులు ఈనాడు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

వీటి అవసరం ఎంతటిదో 2020 నాటి కోవిడ్ జోన్లను చూస్తే తెలుస్తుంది. ఆ ఏడాది మే 1 నాటికి కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలోని జిల్లాలను 130 రెడ్, 284 ఆరెంజ్, 319 గ్రీన్ జోన్లుగా విభజించగా, మహారాష్ట్రలోని సోలాపూర్ రెడ్ జోన్‌లో చేరింది. తెలంగాణ నుంచి తరాల కిందట వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు మగ్గాలు పెట్టుకుని స్థిరపడిన దాజీ పేట్ కూడా ఆ నగరంలోనిదే. రాకపోకలు, పనులు, దుకాణాల వేళలు జోన్‌ను బట్టి మారిన ఆ రోజుల్లో, సొంత ఊరు ఏ జోన్‌లో ఉందో, బంధువులున్న జిల్లా ఏ జోన్‌లో ఉందో తెలుసుకోవడం జీవనావసరమైంది. జిల్లాల పేర్ల జాబితాను చదువు వచ్చిన వారెవరైనా చదువుకోగలరు గాని, అదే జాబితాను ఎరుపు, ఆకుపచ్చలతో నింపి పటంగా గీస్తే కొందరికి ఆ రెండు జోన్ల మధ్య తేడా కనబడదు.

కంటి వెనుక పొర అయిన రెటీనాలో రంగును పసిగట్టే శంకు కణాలు మూడు రకాలు ఉండగా, వాటిలో పొడవైన తరంగాలకు స్పందించేవి ఒక రకం, మధ్యస్థ తరంగాలకు స్పందించేవి మరో రకం, పొట్టి తరంగాలకు స్పందించేవి మూడో రకం. మొదటి రెండింటిలో ఒకటి లేకపోయినా, దాని స్పందన రెండోదానికి దగ్గరగా జరిగినా ఎరుపు, ఆకుపచ్చల తేడా మసకబారుతుంది; వర్ణాంధత్వంలో అత్యధిక భాగం ఈ రకానిదే. సంబంధిత జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్‌పై ఉండటం వల్ల, ఆ క్రోమోజోమ్ ఒక్కటే ఉండే మగవారిలో ఈ లోపం ఎక్కువ. ఐరోపా సంతతి మగవారిలో ఇది సుమారు 8 శాతం కాగా, ఇతర జనసమూహాల్లో ఈ నిష్పత్తి వేరుగా ఉంటుంది.

ఎరుపు, ఆకుపచ్చలు గుర్తుపట్టలేని కంటికి కూడా వెలుగునీడల తేడా చాలావరకు తెలుస్తుంది. పాలెట్ల, అంటే రంగుల కూర్పుల, రూపకల్పనకు మూలాధారం ఇదే. ఒక రంగు ఎంత తేటగా కనిపిస్తుందో నలుపుకు 0, తెలుపుకు 100గా కొలిచే పద్ధతి 1976లో రూపొందిన సీఐఈ ల్యాబ్ కొలమానంలో ఉంది. వెబ్ పేజీల్లో పేరుతో పిలిచే రెడ్, ఆరెంజ్, గ్రీన్ రంగులను ఆ కొలతలో పెడితే వరుసగా 53, 75, 46 వస్తాయి. అంటే రెడ్, గ్రీన్‌ల మధ్య తేడా ఏడే. పైగా తీవ్రతలో నడిమిదైన ఆరెంజ్ మూడింటిలోకీ తేటగా ఉండటంతో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అన్న వరుసే చెదిరిపోతుంది. వాటికి బదులు పసుపు, లేత నీలం, ముదురు నీలం వాడితే కొలతలు సుమారు 89, 70, 46గా క్రమంగా దిగుతాయి కనుక, నలుపు తెలుపు ముద్రణలో సైతం ఆ వరుస నిలుస్తుంది.

ప్రోగ్రామ్ ఈ ఆలోచననే అంచెలంచెలుగా అమలు చేస్తుంది. మొదట తెర చూపగలిగిన రంగుల నుంచి కొన్ని వందల అభ్యర్థులను తీసుకుంటుంది. ఒక్కొక్క రంగు వర్ణాంధత్వం ఉన్న కంటికి ఎలా కనిపిస్తుందో, 2009లో మచాడో, ఒలివేరా, ఫెర్నాండెస్ ప్రచురించినటువంటి గణిత నమూనాతో మార్చి చూస్తుంది. ఆ తర్వాత ప్రతి రంగుల జంట మధ్య తేడాను దూరంగా లెక్కించి, వాటిలో అతి తక్కువ దూరం వీలైనంత పెద్దదిగా ఉండే కూర్పును ఎంచుతుంది. ఎనిమిది రంగుల కూర్పులో 28 జంటలు ఉంటాయి. మామూలు చూపుతో పాటు మూడు రకాల వర్ణాంధత్వాలనూ కలిపితే పరీక్షించవలసిన దూరాలు 112. సగటు బాగుంటే చాలదు, ఎందుకంటే ఒక్క జంట కలిసిపోయినా గ్రాఫ్‌లో రెండు గీతలు ఒక్కటిగా కనిపిస్తాయి.

లెక్క మొదటి నుంచి చేయలేని వారికి సిద్ధంగా ఉన్న కూర్పులూ ఉన్నాయి. జపాన్ శాస్త్రవేత్తలు మసటాకా ఒకాబే, కేయి ఇటో రూపొందించిన ఎనిమిది రంగుల పాలెట్ వర్గాలను వేరు చేయడానికి పనికొస్తుంది. 2020లో వచ్చిన ఆర్ ప్రోగ్రామింగ్ భాష 4.0.0 వెర్షన్‌లో అది భాగమైంది. వర్షపాతం, ఉష్ణోగ్రత వంటి క్రమంగా పెరిగే విలువలకు విరిడిస్ అనువైనది. ముదురు ఊదా నుంచి పసుపు వరకు తేటదనం సమంగా పెరిగే ఈ వరుస, పైథాన్ భాషలో గ్రాఫులు గీసే లైబ్రరీ అయిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0లో పాత ఇంద్రధనుస్సు వరుస స్థానాన్ని ఆక్రమించింది. వర్ణాంధత్వం ఉన్నవారికీ లేనివారికీ దాదాపు ఒకేలా కనిపించాలన్న లక్ష్యంతో 2018లో సివిడిస్ వచ్చింది.

ఈ జ్ఞానం నేత పేటలకు పరాయిది కాదు. సోలాపూర్ చద్దర్లకు పేరు తెచ్చిన జకార్డ్ నేతలో డిజైన్‌ను ముందుగా గళ్ల కాగితంపై రంగులతో గీసి, దాన్ని చూసి అట్టలకు రంధ్రాలు వేస్తారు. రంధ్రం ఉందా లేదా అన్నదాన్ని బట్టి పడుగు దారం లేస్తుంది లేదా కిందే ఉంటుంది. అక్కడ గడిలోని రంగు మగ్గానికి ఇచ్చే ఆదేశమే కనుక, గళ్ల కాగితం కూడా ఒక సమాచార పటమే. దాన్ని కంప్యూటర్‌లో గీసేటప్పుడు గుర్తు రంగులను తేటదనం తేడాతో ఎంచి, ప్రతి గడిలో ఒక అక్షరం కూడా చేరిస్తే, అద్దకపు నూలు అసలు రంగు ఏదైనా సరే, డిజైన్ చదివే పని ఎవరి కంటికీ కష్టం కాదు.

ఎంత మంచి పాలెట్ అయినా రంగునే ఏకైక ఆధారంగా చేసుకోకూడదు. గీతల ఆకారం, పటంలో చారలు, పక్కన రాసిన పేరు కూడా అదే విషయాన్ని చెప్పాలి. ప్రోగ్రామ్‌లో ఇందుకు పట్టేది కొద్ది పంక్తులు మాత్రమే. ప్రజల ఆరోగ్యం, వాతావరణం, జీవనోపాధికి సంబంధించిన పటాలను ప్రచురించే ప్రతి సంస్థా, పటం వర్ణాంధత్వం ఉన్నవారికీ అర్థమవుతుందా అన్న పరీక్షను అక్షరదోషాలు దిద్దే పనితో సమానంగా భావించి, అది దాటని పటాన్ని బయటకు విడవకుండా ఉండటం న్యాయం.