అష్టపాదికి పరిచర్య



నిరుడు వేసవి సెలవులకు ఊరికి పోవుచు, మావారి బడిలో చదువుకొను బాలుడొకడు నాలుగు చేపపిల్లలను గాజుసీసాలో తెచ్చి నాకప్పగించిపోయెను. శుభ్రతకు లోపము రాకూడదని నేను ప్రతి యుదయమును సీసా తోమి, పాతనీరంతయు పారబోసి, కుళాయినీరు నింపుచుంటిని. అయిదవనాటికి నాలుగును వెల్లకిల తేలినవి. కుళాయినీటిలో కలుపు క్లోరిను చేపల మొప్పలకు హానికరమని పిమ్మట తెలిసినది. అంట్లగిన్నెకు చేయు సేవ ప్రాణికి చేసితిని. సీసాను చూచితినిగాని చేపను చూడనైతిని.

ఆ చింతతో జలచరముల పోషణను గూర్చి చదువుచుండగా ఒక స్త్రీ చరిత్రము నా కంటబడినది. ఆమె పేరు జానెట్ విల్‌ప్రూ పవర్. 1794లో ఫ్రాన్సుదేశమున జుయ్యాక్ గ్రామమందు చెప్పులు కుట్టువాని యింట జన్మించినది. పారిస్ నగరము చేరి కుట్టుపనిలో నేర్పు గడించి, 1816లో ఒక రాజకుమారి పెండ్లిదుస్తులకు అల్లికపని చేసినది. 1818లో పవర్ అను వర్తకుని వివాహమాడి, సిసిలీ ద్వీపమందలి మెస్సీనా రేవుపట్టణమున కాపురముండెను. ఏ కళాశాల మెట్టును ఎక్కకయే ప్రకృతిశాస్త్రమును స్వయముగా అభ్యసించెను.

ఆ సముద్రమున ఆర్గొనాట్ అను అష్టపాది కలదు. అష్టపాది యనగా ఎనిమిది చేతులుగల, ఎముకలు లేని జలచరము; దీనినే ఆక్టోపసు అందురు. ఆడు ఆర్గొనాట్ కాగితమువలె పలుచనైన తెల్లని పెంకులో వసించును. దాని శరీరమునకును పెంకునకును అతుకు లేదు. కావున అది పరుల యింటిని ఆక్రమించినదేయని కొందరు పండితులు వాదించుచుండిరి.

జానెట్ వాదమునకు దిగలేదు. 1832 మొదలు ఆర్గొనాట్లను గాజుతొట్లలోను, సముద్రమున దించిన పంజరములలోను ఉంచి, మేతపెట్టి, దినదినము కనిపెట్టి చూచెను. పెంకును కొంచెము విరిచి చూడగా ఆ ప్రాణి తానే దానిని బాగుచేసికొనెను. గ్రుడ్లనుండి వెలువడిన పిల్లలకు పెంకు లేదు. పిమ్మటనే అది యేర్పడెను. వెడల్పైన పొరలుగల రెండు చేతులతో ఆడు ఆర్గొనాట్ పెంకు నిర్మించుకొనును. అదియే దాని గ్రుడ్లకు ఊయెల. దొంగ యనిపించుకొన్నది నిజముగా ఇల్లు కట్టిన యిల్లాలు! ప్రాణిని బ్రదికించి చూచుటచేతనే ఈ నిజము తేలినది.

ఇటలీలో నేపుల్సు నగరమున 1872లో స్థాపింపబడిన సముద్రజీవ పరిశోధనాలయము మొదలుకొని అనేక స్థలములయందు అష్టపాదులను ఉంచి పరిశోధనలు చేసిరి. అచట పరిచర్య చేయువారి పని మన యింటిపని వంటిదే. కాని పొరపాటునకు ప్రాణమే మూల్యము. నీటిలోని ఉప్పు, వెచ్చదనము మారకుండ చూడవలెను. తినగా మిగిలిన పీత డొల్లలను వెంటనే తీయవలెను. లేకున్న అవి క్రుళ్ళి నీరు విషమగును. మనము పవిత్రముగా నెంచు రాగిచెంబు దానికి మృత్యువు, ఏలయన నీటిలో కరగిన రాగి స్వల్పమైనను దానికి హానికరము. విచిత్రమేమన, దాని నెత్తురు నీలముగా నుండుటకు కారణము అందున్న రాగియే! సబ్బుగాని సుగంధతైలముగాని అంటిన చేయి నీట ముంచరాదు.

తొట్టిలో దాగుకొనుటకు మట్టికుండ యుంచుదురు. మూతను గట్టిగా బిగింతురు. ఎముకలు లేనందున, ముక్కు పట్టినంత సందుండిన చాలును, దేహమంతయు జారిపోవును. 2016లో న్యూజిలాండులోని జాతీయ జలచరశాలనుండి ఇంకీ అను అష్టపాది, మూత సందున వెలువడి, నేలపై ప్రాకి, గొట్టముగుండ సముద్రము చేరినది.

అంతటి తెలివిగల ప్రాణికి కడుపు నిండిన చాలదు. అందుచే మేతను మూతగల సీసాలో ఉంచి యిత్తురు. అది మూత విప్పుకొని తినును. దాని నాడీకణములలో అధికభాగము చేతులయందే యున్నవి. కార్తవీర్యునికి వేయి చేతులుండెనని చదివితిమిగాని, చేతులే ఆలోచించునని ఏ పురాణమును చెప్పలేదు. సియాటిల్ నగరపు జలచరశాలలో ఒకే తీరు దుస్తులు ధరించిన యిద్దరిలో ఒకరు మేతపెట్టుచు, ఒకరు గరుకు కర్రతో ముట్టుచు వచ్చిరి. కొద్దివారములలోనే అష్టపాదులు వారిని గుర్తెరిగి, వేరువేరుగా ప్రవర్తించెనని 2010లో ప్రకటించిరి. మనము దానిని పరీక్షించుచుండగా అదియు మనలను పరీక్షించుచున్నదన్నమాట.

పరిచర్య చేయువారికి కఠినమైన ఘట్టమొకటి కలదు. సాధారణ అష్టపాది ఆయువు ఒకటి రెండేండ్లు మాత్రమే. ఆడుది గ్రుడ్లుపెట్టిన పిమ్మట మేత ముట్టదు. గ్రుడ్లపై నీరు చిమ్ముచు, వానిని చేతులతో తుడుచుచు కాపాడి, పిల్లలు వెలువడునప్పటికి కృశించి మరణించును. పీతను ఎదుటనుంచినను త్రోసివేయును. అప్పుడు చేయదగినది, వెలుతురు తగ్గించి, నీటిని నిర్మలముగా నుంచి, కదిలింపక తొలగియుండుటయే. తొలగియుండుటయు సేవయే యని తల్లులమైన మనకు తెలియనిదా?

ఇట్టి ప్రాణిని బంధించుట న్యాయమా యని మీరు అడుగవచ్చును. నా మనస్సునకు పూర్తి సమాధానము దొరకలేదు. జ్ఞానము వచ్చినమాట నిజమే; దాని వెల బందీయే చెల్లించినమాటయు నిజమే. ఐరోపా సమాఖ్య 2010లో చేసిన శాసనము, పరిశోధనలలో బాధనుండి కాపాడదగిన ప్రాణులలో అష్టపాదినిగూడ చేర్చినది. వెన్నెముక లేని ప్రాణికి వేదన లేదను పూర్వభావము ఇట్లు సడలుచున్నది. విడిచిపెట్టలేమన్నప్పుడు, వారి ఋణమును దినదినము తీర్చుకొనుటయే మిగిలిన ధర్మము.

సెలవులు ముగిసి బాలుడు వచ్చినప్పుడు నేను తప్పు ఒప్పుకొంటిని. వాడు కొంతసేపు ఊరకుండి, మరునాడు మరి రెండు చేపలను తెచ్చెను. ఇప్పుడు చెరువునీటినే తెప్పించి, కొంత తీసి కొంత పోయుచున్నాను. సీసా మునుపటివలె తళతళలాడుట లేదు. చేపలు తిరుగుచున్నవి.