ఇంటికెంత క్లౌడు స్టోరేజి కావలయును?

ధాన్యము నిలువచేయదలచిన గృహస్థు ముందుగా ఇంటి ఖర్చును లెక్కించి, పిదప గాదెను కట్టించును. ఫోటోల విషయమున మనమట్లు చేయుటలేదు. స్థలము నిండినదని ఫోను హెచ్చరించినంతనే నెలచందాకు సిద్ధపడుచున్నాము. కావున నీ లెక్కను తల్లిదండ్రుల ముందుంచుచున్నాము.

క్లౌడు స్టోరేజి యనగా మన ఫోటోలను, పత్రములను ఇంటర్నెట్టు ద్వారా ఒక సంస్థవారి కంప్యూటర్లలో దాచుకొనుట. గూగులువారు సాధారణముగా ఖాతాకు 15 జీబీ, ఆపిల్‌వారు 5 జీబీ ఉచితముగా నిచ్చుచున్నారు. గూగులు ఫోటోలను కొంత కుదించి లెక్కలేకుండ నిలువచేయు సౌకర్యము 2021 జూన్ 1వ తేదీతో ముగిసినది. నేడు జీమెయిలు, డ్రైవు, ఫోటోలు మూడును ఆ 15 జీబీలోనే యిమడవలయును.

ఇక కొలతలు. 1 జీబీ సుమారు 1000 ఎంబీ. స్కాను చేసిన పుట యొకటి 1 ఎంబీ యనుకొన్నచో, మార్కుల పట్టికలు, జనన ధ్రువపత్రములు, ఇంటి దస్తావేజులు కలిసి 500 పుటలున్నను అర జీబీ మాత్రమే. ఫోటో యొకటికి 4 ఎంబీ చొప్పున ఏటికి 2000 ఫోటోలకు 8 జీబీ. సాధారణ హెచ్‌డీ వీడియోకు నిమిషమునకు 100 ఎంబీ చొప్పున ఏటికి రెండు గంటలకు 12 జీబీ. వెరసి ఏటికి 20 జీబీ. ఈ లెక్కన 100 జీబీ అయిదేండ్లకు, 200 జీబీ పదేండ్లకు చాలును. 2000 జీబీ తీసుకొన్నవారికది నూరేండ్ల గాదె! 4కె వీడియో తీయువారికి మాత్రము స్థలము రెండు మూడు రెట్లు కావలయును. మసక ఫోటోలను, వాట్సాపులో వచ్చిన శుభోదయములను నెలకొకమారు తొలగించినచో ఖర్చింకను తగ్గును. గూగులువారి చందాను మరి అయిదుగురితో పంచుకొనవచ్చును. ఒకరి ఫోటోలు మరియొకరికి కనబడవు.

అయితే దాచదగినదేది? ఒక నిమిషము వీడియో పట్టు చోటున ఒక గంట మాట పట్టును. మన యిండ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు పలుకు తెలుగు తరతరములుగా నీ పొరుగునేలపై నిలిచి, ఇచ్చటి పలుకుబడులను కలుపుకొన్న తెలుగు. అది పాఠ్యపుస్తకములలో దొరకదు. వారు చెప్పు కథలు, పొడుపుకథలు, పెండ్లిపాటలు నూరు గంటలు రికార్డు చేసినను 6 జీబీకి మించదు. ఉచితస్థలమే చాలును.

రెండు జాగ్రత్తలు వలయును. ఫోనును క్లౌడును జతపరచియున్నప్పుడు ఫోనులో చెరిపినది క్లౌడులోను చెరిగిపోవచ్చును. కావున నొక ప్రతిని హార్డుడిస్కులో నుంచవలయును. రెండేండ్లు వాడని ఖాతాను గూగులువారు తొలగింపవచ్చును. కావున పెద్దల ఖాతా వివరములు ఇంటిలో మరియొకరికి తెలిసియుండవలయును.

చందా కట్టుటకు ముందు లెక్క చూడుడు. పెద్దల మాటను మాత్రము ఈ సెలవులలోనే పిల్లలచే రికార్డు చేయింపుడు.