ప్రశ్నోత్తరాల సమయం: చట్టసభలో మంత్రులను ప్రశ్నించే విధానం

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత, పార్లమెంటు సభ్యులు మంత్రులను అడిగే ప్రశ్నలు ఎన్ని రకాలో, ఒక ప్రశ్న సభకు చేరేలోగా ఏయే దశలు దాటుతుందో మీరు వివరించగలుగుతారు. ఒక మంత్రి సమాధానం చదివి, అందులో చెప్పినదేమిటో, దాటవేసినదేమిటో గుర్తించగలుగుతారు. ఈ రెండో సామర్థ్యం పరీక్ష అయిపోయాక కూడా మీకు పనికి వస్తుంది.

7.1 పరిచయం

మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలని రాజ్యాంగం 75(3) అధికరణం చెబుతోంది. రాష్ట్రాల్లో మంత్రిమండలి శాసనసభకు బాధ్యత వహించాలని 164(2) అధికరణం చెబుతోంది. మరి బాధ్యత వహించడమంటే రోజువారీ వ్యవహారంలో ఏం జరగాలి? అవిశ్వాస తీర్మానం ఎప్పుడో గాని రాదు. వచ్చినా, సభలో మెజారిటీ గట్టిగా ఉన్న ప్రభుత్వం దానికి భయపడనక్కరలేదు. బడ్జెట్ చర్చ ఏడాదికొకసారి వస్తుంది. సభ జరిగే రోజుల్లో దాదాపు ప్రతిరోజూ ప్రభుత్వాన్ని నిలబెట్టి అడిగే సాధనం ప్రశ్న ఒక్కటే.

ప్రశ్నకు మరో ప్రత్యేకత ఉంది. దానిపై ఓటింగు ఉండదు. అందుచేత ఇక్కడ సంఖ్యాబలం అంతగా పనిచేయదు. మొదటిసారి గెలిచిన సభ్యుడైనా, ఏ పార్టీకీ చెందని స్వతంత్రుడైనా, ఆఖరికి అధికార పక్షంలో వెనక వరుసలో కూర్చునే సభ్యుడైనా సరే, నిబంధనల ప్రకారం ప్రశ్న ఇస్తే దానికి సంబంధిత మంత్రి జవాబు చెప్పి తీరాలి. మన దేశంలో ఒక ఆర్థికమంత్రి పదవి పోవడానికి దారితీసిన ప్రశ్న వేసినవారు అధికార పక్ష సభ్యులే. ఆ ఉదంతాన్ని 7.4లో వివరంగా చూస్తాం.

ఈ హక్కు ఒక్కసారిగా రాలేదు. 1861 కౌన్సిళ్ల చట్టం కింద ఏర్పడిన సభల్లో సభ్యులకు ప్రశ్నించే అధికారం లేదు. 1892 చట్టం పరిమితంగా ఆ అవకాశం ఇచ్చింది. 1893లో భింగా రాజా మొదటి ప్రశ్న వేశారు. అధికారులు పర్యటనకు వచ్చినప్పుడు వారికి సరుకులు సమకూర్చవలసి వచ్చే గ్రామాల దుకాణదారుల ఇబ్బందుల గురించి ఆయన అడిగారు. దొరలకు సరఫరా చేయలేక నలిగిన చిన్న వర్తకుడి గోడుతో మన ప్రశ్నోత్తరాల చరిత్ర మొదలైందన్నమాట. 1909 సంస్కరణలతో ప్రశ్న వేసినవారికి అనుబంధ ప్రశ్న అడిగే వీలు వచ్చింది. 1919 సంస్కరణల తరువాత ఆ వీలు ఇతర సభ్యులకూ దక్కింది.

7.2 ప్రశ్నల రకాలు

లోక్‌సభలో సాధారణంగా ఉదయం 11 గంటలకు సభ మొదలుకాగానే మొదటి గంట ప్రశ్నోత్తరాలకు కేటాయిస్తారు. రాజ్యసభలో 2014 చివరి నుంచి దీన్ని మధ్యాహ్నం 12 గంటలకు మార్చారు.

నోటితో జవాబు కోరే ప్రశ్నకు జాబితాలో నక్షత్రం గుర్తు పెడతారు. అందుకే దాన్ని నక్షత్రం గుర్తు ఉన్న ప్రశ్న అంటారు. లోక్‌సభలో రోజుకు ఇలాంటివి 20 జాబితాలో ఉంటాయి. ఒక సభ్యుడి పేరుతో రోజుకు ఒకటికి మించి ఉండదు. నక్షత్రం గుర్తు లేని ప్రశ్నకు లిఖితపూర్వకంగా జవాబు ఇచ్చి ఊరుకుంటారు. ఇవి లోక్‌సభలో రోజుకు 230 వరకు ఉండవచ్చు. అత్యవసర ప్రజా ప్రాముఖ్యం గల విషయంపై మామూలు గడువు కోసం ఆగకుండా అడిగేది స్వల్ప వ్యవధి ప్రశ్న. దానికి మంత్రి అంగీకరించాలి. మంత్రి కాని సభ్యుడిని కూడా, ఆయన ప్రవేశపెట్టిన బిల్లు వంటి విషయాలపై ప్రశ్నించే వీలుంది గాని, అది అరుదు.

నక్షత్రం గుర్తుకు ఇంత ప్రాధాన్యం ఎందుకో చాలామంది విద్యార్థులు సరిగా రాయరు. నోటితో చెప్పడానికీ రాసి ఇవ్వడానికీ ఉన్న తేడా మాత్రమే కాదది. నోటితో జవాబు చెప్పినప్పుడు దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. ప్రశ్న వేసిన సభ్యుడికి సాధారణంగా రెండు అవకాశాలు వస్తాయి. తరువాత స్పీకరు అనుమతితో ఇతరులూ అడగవచ్చు. మొదటి జవాబు శాఖ అధికారులు ముందే తయారు చేసిపెట్టినది. మంత్రి చదువుతారు, అంతే. అనుబంధ ప్రశ్న ఏమి వస్తుందో ఆయనకు కచ్చితంగా తెలియదు. శాఖపై మంత్రికి ఎంత పట్టు ఉందో బయటపడేది అక్కడే.

అయితే ఒక గంటలో 20 ప్రశ్నలూ పూర్తికావడం అసాధారణం. 2019 నవంబరు 27న లోక్‌సభలో 20 ప్రశ్నలూ మౌఖికంగా పూర్తయితే, 1972 తరువాత ఇదే మొదటిసారి అని పత్రికలు ప్రత్యేకంగా రాశాయి. వంతు రాని ప్రశ్నలకు లిఖిత సమాధానాన్ని సభ ముందు ఉంచుతారు. వాటిపై అనుబంధ ప్రశ్న వేసే అవకాశం పోతుంది. అందుకే జాబితాలో మొదటి నాలుగైదు స్థానాల కోసం సభ్యులు ఆశపడతారు. ఆ స్థానాలను నిర్ణయించేది లాటరీ.

7.3 ఒక ప్రశ్న ప్రయాణం

మంత్రిత్వ శాఖలను ఐదు సముదాయాలుగా చేసి, ఒక్కో సముదాయానికి వారంలో ఒక రోజు కేటాయిస్తారు. సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అది నిబంధనలకు లోబడి ఉందో లేదో సచివాలయం పరిశీలిస్తుంది. తుది నిర్ణయం స్పీకరుది.

నిబంధనలు ఎలా పనిచేస్తాయో ఊహాజనితమైన ఉదాహరణతో చూద్దాం. మీ ఊరి దగ్గర రైల్వే గేటుపై మంజూరైన వంతెన పనులు సగంలో ఆగిపోయాయి. ఆసుపత్రికి వెళ్లే వాహనాలు కూడా గేటు దగ్గర నిలిచిపోతున్నాయి. మీరు ఎం.పి.కి అర్జీ ఇచ్చారు. ఆయన ఇలా రాశారనుకోండి: “ఈ ప్రాంత ప్రజల కష్టాలు రైల్వే మంత్రికి పట్టవా?” ఇది తిరస్కరణకు గురవుతుంది. ప్రశ్నలో వాదన, వ్యంగ్యం, ఆరోపణ ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. న్యాయస్థానంలో విచారణలో ఉన్న విషయం కాకూడదు. కేంద్ర ప్రభుత్వ బాధ్యతలోకి రాని విషయం కాకూడదు. 150 పదాలు మించకూడదు.

సరే, “వంతెన ఎప్పుడు పూర్తవుతుంది?” అని రాశారనుకుందాం. దీన్ని అనుమతిస్తారు. జవాబు కూడా వస్తుంది: “వీలైనంత త్వరగా.” ఇలా అడిగినందువల్ల ఎవరికీ ప్రయోజనం లేదు.

ఇప్పుడు అదే ప్రశ్నను విడదీసి చూడండి. (అ) వంతెన ఏ తేదీన మంజూరైంది, అంచనా వ్యయమెంత. (ఆ) ఇప్పటివరకు రైల్వే వాటా ఎంత, రాష్ట్ర ప్రభుత్వ వాటా ఎంత ఖర్చయింది. (ఇ) పనులు ఏ తేదీ నుంచి ఆగాయి, కారణమేమిటి. (ఈ) పూర్తి చేయడానికి నిర్ణయించిన గడువు ఏది. ఇందులో ఒక్క విశేషణం కూడా లేదు. అయినా మొదటిదానికంటే ఇది చాలా పదునైనది. భూసేకరణ రాష్ట్రం చేయలేదు కాబట్టి పని ఆగిందని మంత్రి చెబితే, ఆ విషయమై రాష్ట్రానికి రైల్వే చివరిసారిగా ఎప్పుడు లేఖ రాసిందన్న అనుబంధ ప్రశ్న సిద్ధంగా ఉంటుంది.

ఈ ప్రశ్న మంత్రిత్వ శాఖకు చేరాక జరిగేది పాఠ్యపుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. శాఖ నుంచి జోన్‌కు, అక్కడి నుంచి డివిజన్‌కు సమాచారం కావాలని వర్తమానం వెళుతుంది. ఎక్కడో అడుగున పడి ఉన్న ఫైలు పైకి వస్తుంది. మంత్రి సభలో తెలియనట్టు నిలబడకూడదు గనుక, అడగబోయే అనుబంధ ప్రశ్నలను ఊహించి వాటికీ సమాచారం సిద్ధం చేస్తారు. జవాబు రాకముందే సగం పని జరిగిపోవడం ఇందువల్లే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: మీ మండలంలో కేంద్ర ప్రభుత్వ బాధ్యత కిందికి వచ్చే ఒక సమస్యను ఎంచుకొని, పై నమూనాలో నాలుగు భాగాల ప్రశ్న రాయండి. అది రాష్ట్ర విషయమైతే శాసనసభలో అడగవలసి ఉంటుందని గుర్తుంచుకోండి.

7.4 ముంద్రా వ్యవహారం (1957–58)

1956 సెప్టెంబరు 1న భారత జీవిత బీమా సంస్థ ఏర్పడింది. 245 ప్రైవేటు బీమా సంస్థలను, భవిష్య నిధి సంఘాలను కలిపి దాన్ని నెలకొల్పారు. ప్రైవేటు చేతుల్లో పాలసీదారుల సొమ్ముకు భద్రత లేదన్నది జాతీయీకరణకు చెప్పిన కారణాల్లో ఒకటి. ఏడాది తిరగకుండానే, 1957 జూన్‌లో ఆ సంస్థ హరిదాస్ ముంద్రా అనే వ్యాపారికి సంబంధించిన ఆరు కంపెనీల వాటాలను సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలకు కొన్నది. ఆ కంపెనీల పరిస్థితి అంతంత మాత్రం. సంస్థ తన పెట్టుబడుల కమిటీని ముందుగా సంప్రదించలేదు.

సెప్టెంబరులో కాంగ్రెస్ సభ్యుడు రామ్ సుభగ్ సింగ్ లోక్‌సభలో దీనిపై ప్రశ్న వేశారు. సూటిగా జవాబు రాలేదు. నవంబరు 29న విషయం మళ్లీ ప్రశ్నగా వచ్చింది. అప్పటికి రాయబరేలీ సభ్యుడు ఫిరోజ్ గాంధీ కూడా పట్టుదలగా దీని వెంట పడ్డారు. ఆయన కాంగ్రెస్ సభ్యుడే కాదు, ప్రధానమంత్రి నెహ్రూకు అల్లుడు. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి ఇచ్చిన వివరణతో సభ్యులు తృప్తి పడలేదు. డిసెంబరు 16న దీనిపై ప్రత్యేక చర్చ జరిగింది. ఫిరోజ్ గాంధీ కొనుగోలు తేదీలు, ధరలు వరసగా సభ ముందు పెట్టారు. (అప్పటి స్పీకరు మన తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు.)

ప్రభుత్వం విచారణకు ఒప్పుకోక తప్పలేదు. బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. ఛాగ్లా ఏకసభ్య కమిషన్‌గా 1958 జనవరిలో బహిరంగ విచారణ జరిపారు. వినడానికి జనం ఎంతగా వచ్చారంటే బయట లౌడ్ స్పీకర్లు పెట్టవలసి వచ్చింది. కొనుగోలుకు తాను అనుమతి ఇవ్వలేదనీ, అది ఆర్థిక శాఖ ప్రధాన కార్యదర్శి హెచ్.ఎం. పటేల్ చేసిన పని అనీ మంత్రి వాదించారు. కార్యదర్శి చేసిన పనికి రాజ్యాంగరీత్యా మంత్రే బాధ్యుడని ఛాగ్లా తేల్చారు. ఫిబ్రవరిలో కృష్ణమాచారి రాజీనామా చేశారు.

పరీక్షల్లో ఈ ఉదంతాన్ని ‘మంత్రి బాధ్యత’కు ఉదాహరణగా రాసి వదిలేయడం పరిపాటి. అది సరైనదే గాని, ప్రశ్నోత్తరాల దృష్టితో చూస్తే ఛాగ్లా చేసిన మరో సూచన ఇంకా విలువైనది: మంత్రులు మొదట్లోనే పార్లమెంటును విశ్వాసంలోకి తీసుకొని ఉంటే, తరువాత ఇతర మార్గాల్లో నిజం బయటపడి ఇబ్బంది పడే అవసరం ఉండదు. మొదటి ప్రశ్నకు నిండైన జవాబు వచ్చి ఉంటే వ్యవహారం ఇంత దూరం వచ్చేది కాదేమో.

7.5 సాధనం మొద్దుబారే సందర్భాలు

ప్రశ్నకు విలువ ఉంది కాబట్టే దాన్ని కొనాలని చూసేవారూ ఉంటారు. 1951లో తాత్కాలిక పార్లమెంటు సభ్యుడు హెచ్.జి. ముద్గల్ ఒక వ్యాపార సంఘం కోసం డబ్బు తీసుకొని ప్రశ్నలు వేయడం వంటి పనులు చేశారని రుజువైంది. బహిష్కరణ తీర్మానం చర్చలో ఉండగా ఆయన రాజీనామా చేశారు. 2005 డిసెంబరులో డబ్బు తీసుకొని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన 11 మందిని, అంటే లోక్‌సభ నుంచి 10 మందిని, రాజ్యసభ నుంచి ఒకరిని, సభలు బహిష్కరించాయి. 2007లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది.

గందరగోళం, వాయిదాలు మరో బెడద. నినాదాలతో ఆ గంట కరిగిపోతే, వెసులుబాటు దొరికేది మంత్రికి. ప్రతిపక్షం తన చేతిలోని ఆయుధాన్ని తానే కింద పెట్టినట్టవుతుంది. కొన్నిసార్లు ఆ గంటనే రద్దు చేస్తారు. అత్యవసర పరిస్థితి కాలంలో, 1975 జూలై సమావేశాల్లో, అలా జరిగింది. 2020 సెప్టెంబరులో కోవిడ్ కారణంగా మౌఖిక ప్రశ్నలు నిలిపివేసి, లిఖిత సమాధానాలకే పరిమితం చేశారు. ప్రశ్నలకు జవాబు ఇచ్చారు గదా అన్నది ప్రభుత్వ వాదన. అనుబంధ ప్రశ్న లేని జవాబు ఎంతటిదో 7.2 చదివిన మీరే అంచనా వేయగలరు.

7.6 సమాధానాన్ని చదవడం

మంత్రుల సమాధానాలకు ఒక ప్రత్యేకమైన భాష ఉంది. దానికి అలవాటు పడాలి. “(అ) నుంచి (ఈ) వరకు: వివరాలు సభా సమక్షంలో ఉంచడమైనది” అని ఉంటే జాగ్రత్తపడండి. నాలుగు ప్రశ్నలకు కలిపి ఒకే వివరణ ఇచ్చినప్పుడు, ఇబ్బందికరమైన ఒక భాగం అందులో చల్లగా జారిపోయే వీలుంది. భాగాల వారీగా పోల్చి చూస్తే గాని అది కనపడదు. “ప్రశ్న ఉత్పన్నం కాదు” అన్నది ముందు భాగానికి ‘లేదు’ అని చెప్పినప్పుడే చెల్లుతుంది. “అలాంటి ప్రతిపాదన ఏదీ పరిశీలనలో లేదు” అన్నది ఆ రోజు సంగతి మాత్రమే. రేపటి గురించి అది ఏ మాటా ఇవ్వదు.

“విషయం పరిశీలనలో ఉంది”, “సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం” అనే మాటలు వింటే తప్పించుకున్నారనే అనిపిస్తుంది. కాని పార్లమెంటరీ లెక్కల్లో ఇవి హామీలు. లోక్‌సభలో 1953లో ఏర్పడిన ప్రభుత్వ హామీల కమిటీ వీటిని ఏరి నమోదు చేస్తుంది. ఈ కమిటీలో 15 మంది సభ్యులుంటారు. ఇచ్చిన హామీని మూడు నెలల్లోగా నెరవేర్చాలి. కుదరకపోతే శాఖ గడువు పొడిగింపు కోరాలి. నెరవేర్చలేమనుకుంటే ఎందుకో చెప్పి, హామీని వదిలేయడానికి కమిటీ అనుమతి అడగాలి. శాఖ అధికారులను పిలిపించి ఆలస్యానికి కారణం అడిగే అధికారం కమిటీకి ఉంది. ఏళ్ల తరబడి తేలని హామీలూ ఉన్నాయి. అయినా ఆ పద్దు మూతపడదు. మంత్రి మారినా శాఖ పేరు మీద అది నిలిచే ఉంటుంది.

జవాబు తృప్తి కలిగించకపోతే సభ్యుడు అరగంట చర్చ కోసం నోటీసు ఇవ్వవచ్చు. లోక్‌సభలో దీనికి సోమ, బుధ, శుక్రవారాలు కేటాయించారు. చర్చ చివర ఓటింగు ఉండదు.

అభ్యాసం: లోక్‌సభ ప్రశ్నలు, జవాబులు ఇంగ్లీషు, హిందీ భాషల్లో సభ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. మీ నియోజకవర్గ సభ్యుడు లేదా సభ్యురాలి పేరుతో వెతికి, ఒక ప్రశ్నను జవాబుతో సహా తీసుకోండి. వారు మంత్రి అయితే పక్క నియోజకవర్గం చూడండి, ఎందుకంటే మంత్రులు ప్రశ్నలు వేయరు. ప్రశ్నలోని ఒక్కో భాగానికి ఎదురుగా జవాబులోని సంబంధిత వాక్యాన్ని రాయండి. ఏ భాగానికి ఎదురుగా ఖాళీ మిగిలిందో గుర్తించి, మీరే ఆ సభలో ఉంటే వేసే అనుబంధ ప్రశ్నను అక్కడ రాయండి.