కాలు తీస్తే బండి ఎందుకు ఆగిపోతుంది?

రోడ్డు మీద అరవైలో నిక్షేపంగా పోయిన పాత మారుతి 800, సిగ్నల్ దగ్గర యాక్సిలేటర్ మీంచి కాలు తీయగానే గజగజ వణుకుతుంది. రెండుసార్లు దగ్గినట్టు చేసి ఆగిపోతుంది. వెనక హారన్లు మొదలవుతాయి. షెడ్డుకు తీసుకెళ్తే చాలాసార్లు జరిగేది ఒకటే: స్క్రూడ్రైవర్‌తో త్రాటిల్ స్క్రూ తిప్పి 'స్లో', అంటే ఐడ్లింగ్ వేగం, కాస్త పెంచుతారు. ఆ పూటకి బండి ఆగదు. నెల తిరక్కుండా మళ్లీ అదే వణుకు. ఆ స్క్రూ అన్నిటికంటే ఆఖరున ముట్టుకోవలసింది. ముందే తిప్పితే జబ్బు మరుగున పడుతుంది.

ఎందుకంటే, కాలు తీశాక కార్బురేటర్‌లోని త్రాటిల్ రేకు దాదాపు మూసుకుపోతుంది, పిస్టన్లు మాత్రం లాగుతూనే ఉంటాయి. దాంతో రేకుకు కింద, మానిఫోల్డులో, వాక్యూమ్ బాగా పెరుగుతుంది. అప్పుడు గాలి సన్నటి సందులోంచి, పెట్రోలు అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండే స్లో జెట్ రంధ్రంలోంచి రావాలి. బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ల గాలి అంటారే, ఆ లెక్కకు దగ్గరగా మిశ్రమం ఈ ఇరుకు దారుల్లోనే కుదరాలి. ఎక్కడో ఒక రబ్బరు గొట్టం చిట్లి కాస్త గాలి చొరబడిందనుకోండి. స్పీడులో ఇంజన్ పీల్చే గాలి ముందు అది లెక్కలోకే రాదు. ఐడ్లింగ్‌లో మాత్రం మిశ్రమం మొత్తం పలచబడిపోతుంది. రోడ్డు మీద బాగుండి సిగ్నల్ దగ్గర ఏడిపించే బండి రహస్యం ఎక్కువసార్లు ఇదే.

పైగా 800కి ఉన్నవి మూడే సిలిండర్లు. 900 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండరు సెకనుకు ఏడున్నర సార్లు మండుతుంది. ఒకటి మిస్సయితే మూడో వంతు బలం పోయినట్టే. మామూలుగా ఉండే కొద్దిపాటి కదలిక దీనికి పుట్టుకతో వచ్చింది, దాన్ని జబ్బుగా లెక్కపెట్టకండి.

ఇక కనుక్కోవడం ఎలా? పాన పట్టుకునే ముందు, బండి ఎప్పుడు ఆగుతోందో గమనించండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడే ఆగి, వేడెక్కాక బాగుంటే చోక్ సరిగా పడుతోందో లేదో చూస్తే చాలు. వేడెక్కాకే ఆగుతుంటే ఫ్లోట్ నీడిల్ సరిగా మూసుకోక పెట్రోలు ఎక్కువ దిగుతూ ఉండొచ్చు, లేదా కాయిలో కండెన్సరో వేడికి చేతులెత్తేస్తూ ఉండొచ్చు. బ్రేక్ తొక్కినప్పుడే ఆగుతుంటే, బూస్టర్ ఉన్న బండైతే, దాని గొట్టాన్ని, డయాఫ్రంని అనుమానించాలి.

నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష చోక్‌తోనే. వేడి ఇంజన్ వణుకుతున్నప్పుడు చోక్ నాబ్ కొద్దికొద్దిగా లాగండి. వణుకు తగ్గిందంటే ఇంజన్‌కు పెట్రోలు చాలడం లేదు: స్లో జెట్ పూడిపోయి ఉండాలి, లేదా ఎక్కడో గాలి లీకు ఉండాలి. వణుకు పెరిగి నల్ల పొగ వస్తే పెట్రోలే ఎక్కువవుతోంది. పైసా ఖర్చు లేకుండా సగం అనుమానాలు తీరిపోతాయి.

గాలి లీకుకు చెవి పెట్టి వినండి, సన్నగా 'స్‌స్' మంటుంది. కార్బురేటర్ కింది గాస్కెట్ దగ్గర, గొట్టాల చివర్ల దగ్గర సబ్బునీళ్లు చుక్కలుగా వేయండి, ప్లగ్ వైర్ల మీద పడనివ్వకండి. లీకున్న చోట నీళ్లు లోపలికి లాక్కుని ఇంజన్ మోత మారుతుంది. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు. వేడి ఇంజన్ మీద ఆ పని ఎన్నడూ చేయొద్దు. మా ఇంట్లోని 1996 బండికి ప్లగ్గులు, పాయింట్లు, చివరికి కాయిల్ కూడా మార్పించాక దొరికింది డిస్ట్రిబ్యూటర్‌కు పోయే వాక్యూమ్ గొట్టం చివర వెంట్రుకంత చీలిక. చివర కాస్త కత్తిరించి మళ్లీ తొడిగితే సరిపోయింది.

స్లో జెట్ దగ్గర సోలినాయిడ్ ఉన్న కార్బురేటర్ అయితే, తాళం తిప్పగానే 'టిక్' మనాలి. ఆ చప్పుడు లేకపోతే వైరు ఊడిందేమో చూడండి. కరెంటు అందకపోతే కాలు తీసిన మరుక్షణం ఇంజన్ ఆగుతుంది.

ప్లగ్గులు విప్పి పక్కపక్కన పెట్టి చూడండి. లేత గోధుమ రంగు మంచిది. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, జిడ్డుగా ఉంటే ఆయిల్ పైకొస్తోంది, మరీ తెల్లగా ఉంటే మిశ్రమం పలచన. మూడింటిలో ఒక్కటే తేడాగా ఉంటే జబ్బు ఆ సిలిండరుదే, కార్బురేటర్‌ను తప్పుపట్టనక్కర్లేదు. సైలెన్సర్ మూతి దగ్గర చిన్న కాయితం పట్టుకుని చూడడం పాతకాలపు పద్ధతి. ఊపిరి ఒకే తీరుగా తోయాలి. మధ్యమధ్యలో కాయితాన్ని లోపలికి లాక్కుంటుంటే వాల్వు సరిగా మూసుకోవడం లేదని అనుమానించి కంప్రెషన్ చూపించాలి. పాయింట్లున్న బండిలో వాటి గ్యాపు కూడా చూడాలి. డిస్ట్రిబ్యూటర్ క్యామ్ మీద రాసుకునే మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గి టైమింగ్ వెనకపడుతుంది.

ఈమధ్య మరో కారణం కలిసింది. 2023 నుంచి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంది కాబట్టి పాత జెట్ల కొలతకు మిశ్రమం పలచబడుతుంది. ఆక్సిజన్ సెన్సరున్న ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి దాన్ని కొంతవరకు సర్దుకుంటుంది, కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. ఇథనాల్ నీటినీ పీల్చుకుంటుంది, పాత రబ్బరునూ దెబ్బతీస్తుంది. కాబట్టి వారాల తరబడి కదలని బండిలో ముందుగా ఫిల్టర్, గొట్టాలు, ఫ్లోట్ గిన్నె చూడండి.

ఇవన్నీ అయ్యాకే స్క్రూ. మొదట త్రాటిల్ స్క్రూతో స్లో తగ్గించండి, ఎందుకంటే దాన్ని ఎక్కువ పెంచితే రేకు పైకి లేచి పక్కనున్న మరో రంధ్రం తెరుచుకుంటుంది. పెట్రోలు అక్కడినుంచి వస్తుంటే, ఐడ్లింగ్ మిశ్రమాన్ని సర్దే మిక్చర్ స్క్రూ ఎంత తిప్పినా ఇంజన్ పలకదు. ఇంజన్ బాగా వేడెక్కాక మిక్చర్ స్క్రూను తడబడేదాకా లోపలికి, మళ్లీ నున్నగా ఆడేదాకా బయటికి, పావు చుట్టు చొప్పున తిప్పండి. తర్వాత స్లోను 900 దగ్గర నిలపండి. మిక్చర్ స్క్రూను అడుగుదాకా బిగించి నొక్కకండి. సూది మొన మీద గాడి పడితే ఇంక ఆ స్క్రూతో ఐడ్లింగ్ కుదరదు, దాన్ని మార్చాల్సిందే.