మీకు తెలుసా? తడిస్తే గానీ సరిపోని జీన్స్

లీవైస్ 501 జీన్స్‌లో ఒక రకం ఉంది. షాపులో వేసుకుని చూస్తే నడుము వదులు, కాళ్ళు మడమ దాటి నేలమీద పారాడేంత పొడుగు, గుడ్డ బాగా బిరుసు. ఇంటికి తెచ్చి వేడినీళ్ళలో నానబెట్టి ఆరేశాకే అది మనిషికి సరిపోతుంది. దాని పేరు ష్రింక్-టు-ఫిట్. పొడవు దాదాపు పదో వంతు తగ్గుతుంది. 34 అంగుళాల కాలు 31 దగ్గరికి దిగుతుంది.

ఇదేదో ఈమధ్య పుట్టిన ఫ్యాషన్ కాదు. నెవాడా రాష్ట్రంలోని రీనోలో దర్జీగా ఉన్న జేకబ్ డేవిస్, శాన్‌ఫ్రాన్సిస్కో బట్టల వ్యాపారి లీవై స్ట్రాస్ కలిసి రాగి రివెట్ల ప్యాంటుకు పేటెంట్ తీసుకున్నది 1873 మే 20న. అప్పటి డెనిమ్ ఏదైనా ఇలాగే కుంచించుకుపోయేది. కొనేవాళ్ళు ఆ లెక్క వేసుకునే పెద్ద సైజు కొనేవారు. ఆ గుణానికి ప్రత్యేకంగా పేరు పెట్టాల్సిన అవసరం చాలాకాలం తర్వాత వచ్చింది.

ఆ అవసరం కల్పించింది చొక్కాలు. ఆరో చొక్కాలు తయారుచేసిన క్లూయెట్ పీబాడీ కంపెనీలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ పనిచేసేవాడు. ఉతికితే మెడ బిగుసుకుపోయే చొక్కాని ఎవరు కొంటారు? అందుకని గుడ్డను కుట్టకముందే యంత్రంలో పొడవునా దగ్గరికి నొక్కి, ముందుగానే కుదించే పద్ధతి కనిపెట్టాడు. 1930ల మొదట్లో దానికి పేటెంట్ వచ్చింది. శాన్‌ఫర్డ్ పేరు మీదనే ఆ పద్ధతి శాన్‌ఫరైజేషన్ అయింది. ఇవాళ మనం కొనే జీన్స్‌లో చాలా భాగం ఆ దారిలో వచ్చినవే, ఉతికినా పెద్దగా తగ్గవు. ఆ దారి తొక్కనిదే ష్రింక్-టు-ఫిట్.

◆

గుడ్డ ఎందుకు కుంచించుకుపోతుంది? జవాబు మగ్గం దగ్గరే ఉంది. నేసేటప్పుడు పడుగు పోగుల్ని గట్టిగా లాగి పట్టి ఉంచుతారు, తెగకుండా గంజి పట్టిస్తారు. మగ్గం దిగాక కూడా ఆ బిగువు గుడ్డలో నిలిచే ఉంటుంది. నీళ్ళు తగలగానే గంజి కరుగుతుంది, నూలు ఉబ్బుతుంది, లాగి పట్టిన పోగు సడలి వెనక్కి తగ్గుతుంది. జీన్స్ కాలికి నిలువునా ఉండేది పడుగు, చుట్టూ తిరిగేది పేక. అందుకే వెడల్పు కంటే పొడవు ఎక్కువ తగ్గుతుంది. చీర ఫాల్‌ను తడిపి ఆరేశాకే కుట్టే మన ఇళ్ళలో ఈ సూత్రం అందరికీ తెలిసిందే. ఫాల్‌కు కుట్టకముందు చేసే పనిని ఈ జీన్స్‌కు కుట్టాక చేస్తాం, అంతే.

మరో వింత కూడా జరుగుతుంది. డెనిమ్ నేత ఏటవాలుగా సాగుతుంది కాబట్టి, తడిసి ఆరాక కాలు కాస్త మెలి తిరిగి పక్క కుట్టు ముందుకు జరుగుతుంది. కొత్తగా కొన్నవాళ్ళు ఇది కుట్టులో లోపమనుకుంటారు. కాదు, నేత స్వభావం. దీన్ని తప్పించడానికే ర్యాంగ్లర్ కంపెనీ 1964లో ఏటవాలు దిశను మధ్యమధ్యలో మార్చే బ్రోకెన్ ట్విల్ నేతకు మారింది.

◆

రా డెనిమ్, సెల్వెడ్జ్, శాన్‌ఫరైజ్ చేయనిది: ఈ మూడింటినీ ఒకటే అనుకుని డబ్బు పోగొట్టుకునేవాళ్ళు చాలామంది. రా అంటే రంగు వేశాక ఉతకని గుడ్డ. సెల్వెడ్జ్ అంటే పాత పద్ధతి షటిల్ మగ్గం మీద నేసిన, రెండు వైపులా పోగులు ఊడని నిండు అంచున్న గుడ్డ. మడిచిన కాలి లోపల కనిపించే ఎర్ర గీత ఆ అంచుదే. ఈ రెండింటికీ కుంచించుకుపోవడానికీ సంబంధం లేదు. రా డెనిమ్ శాన్‌ఫరైజ్ చేసిందైతే తగ్గేది ఒకటి నుంచి మూడు శాతం, చేయనిదైతే ఏడు నుంచి పది శాతం. సైజు ఎంచుకునేటప్పుడు షాపులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ఇది శాన్‌ఫరైజ్ చేసిందా, లేదా? ఎర్ర గీత చూసి రెండు సైజులు పెద్దది కొనడం వృథా.

◆

ఇక కొనడం. సైజునూ ఉతుకునూ విడివిడిగా ఆలోచించకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఈ జీన్స్‌ను రేపు ఎంత వేడి నీళ్ళలో ఉతుకుతారో ఇవాళ షాపులోనే తేల్చుకోవాలి.

లీవైస్ చెప్పే లెక్క ప్రకారం, నడుము 36 వరకు ఒక అంగుళం, 38 నుంచి 48 వరకు రెండు అంగుళాలు పెంచుకోవాలి. కాలి పొడవు 34 వరకు మూడు అంగుళాలు, ఆపైన నాలుగు. పొడవు విషయంలో ఈ లెక్క కచ్చితంగా పాటించండి. నడుము విషయంలో మాత్రం అతిగా పెంచవద్దు. నడుము దగ్గర గుడ్డ రోజూ ఒంటి ఒత్తిడికి సాగుతూ కొంత వెనక్కి ఇస్తుంది. కాలి పొడవును లాగేది ఏదీ లేదు కాబట్టి అక్కడ తగ్గింది తగ్గినట్టే. ముందుగా ఒంటి కొలత టేపుతో తీసుకోండి. పాత రెడీమేడ్ ప్యాంటు మీది అంకెను నమ్మవద్దు, దానికీ అసలు కొలతకీ అంగుళం రెండంగుళాల తేడా ఉండడం మామూలే.

మన ఊళ్ళలో ఇంకో ప్రమాదం ఉంది. ప్యాంటు కొనగానే షాపువాళ్ళు "పొడవు ఇప్పుడే తగ్గించి ఇస్తాం సార్" అంటారు, పైగా ఉచితంగా. ఈ జీన్స్‌కు ఆ మర్యాద అక్కర్లేదు. అక్కడే కత్తిరిస్తే మొదటి ఉతుకులోనే చీలమండ పైకి ఎక్కుతుంది. రెండు మూడుసార్లు తడిసి ఆరాకే టైలర్ దగ్గరికి వెళ్ళాలి.

మొదటిసారి తడపడం ఇలా. జిప్పు గానీ బొత్తాలు గానీ పెట్టేసి, జీన్స్‌ను లోపలి వైపు బయటికి తిప్పండి. బకెట్లో చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడినీళ్ళు పోసి, గుడ్డ మొత్తం మునిగేలా అరగంట నుంచి గంట ఉంచండి. తేలిన చోట తగ్గదు, మునిగిన చోట తగ్గుతుంది, కాబట్టి పైన బరువు పెట్టండి. మొదటిసారి సబ్బు వద్దు. పిండకుండా నీళ్ళు ఓడనిచ్చి, నడుము పట్టీ దగ్గర క్లిప్పులు పెట్టి నీడలో ఆరేయండి. ఇక్కడ మరిచిపోకూడనిది ఒకటుంది: చల్లనీళ్ళలో తడిపితే గుడ్డ కొంతే తగ్గి ఆగుతుంది. ఆ కొలతకు కాళ్ళు కత్తిరించాక, ఎప్పుడో ఒకరోజు వాషింగ్ మెషీన్లో వేడి నీళ్ళు తగిలితే మిగతాది అప్పుడు తగ్గుతుంది. అందుకే ఆ జీన్స్ జీవితంలో చూడబోయే అతి ఎక్కువ వేడిని మొదట్లోనే చూపించేయాలి.

1980ల మధ్యలో బ్రిటన్‌లో వచ్చిన లీవైస్ టీవీ ప్రకటనలో ఒక యువకుడు జీన్స్ వేసుకునే నీళ్ళ తొట్టిలో కూర్చుంటాడు. దాన్ని చూసి ఇప్పటికీ అలా చేసేవాళ్ళున్నారు. బకెట్‌తో పోలిస్తే అందులో అదనపు లాభం లేదు. ఒంటి మీదే ఆరితే గుడ్డ ఒంటి ఒత్తిడికి సాగి, నడుము దగ్గర తగ్గాల్సినంత తగ్గదు కూడా.

◆

కొత్త నూలు చీరను ఉప్పునీళ్ళలో ముంచితే రంగు నిలుస్తుందన్న నమ్మకంతో జీన్స్‌నూ ఉప్పులో, వెనిగర్‌లో నానబెడతారు. నీలిమందుకు ఆ ఉపాయం పనిచేయదు. అది నీళ్ళలో కరగదు. రసాయనాలతో దాన్ని కరిగే రూపానికి మార్చి, పడుగు నూలును అందులో ముంచి తీస్తే, గాలి తగిలి పసుపుపచ్చగా ఉన్న పోగు నీలంగా మారుతుంది. ఇలా మళ్ళీ మళ్ళీ ముంచినా రంగు నూలు పైపొరల్లోనే కూర్చుంటుంది, మధ్య భాగం తెల్లగా మిగులుతుంది. కాబట్టి రాపిడికి రంగు రాలుతుంది. మోకాళ్ళ దగ్గర, జేబు అంచుల్లో కనిపించే ఆ వెలిసిన తీరే చాలామంది రా డెనిమ్ కొనడానికి కారణం. అదే కారణంతో మొదటి నెలల్లో తెల్ల బూట్లకూ లేతరంగు సోఫాలకూ దీన్ని దూరంగా ఉంచాలి, విడిగా ఉతకాలి.

19వ శతాబ్దంలో మన కడప, కర్నూలు జిల్లాల్లో నీలిమందు విస్తారంగా పండేది. 1897లో జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్ కృత్రిమ నీలిని మార్కెట్లోకి తెచ్చాక ఆ సాగు దెబ్బతింది. ఇవాళ్టి జీన్స్‌లో దాదాపు అంతా కృత్రిమ నీలే.

◆

రంగు పోతుందని నెలల తరబడి ఉతకనివాళ్ళున్నారు. తన జీన్స్ ఏడాదిగా ఉతకలేదని అప్పటి లీవైస్ అధిపతి చిప్ బర్గ్ 2014లో ఒక సభలో చెప్పడంతో ఈ అలవాటుకు గొప్ప ప్రచారం వచ్చింది. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయంలో 2011లో ఒక పరీక్ష ఫలితం వెల్లడైంది. ఒక విద్యార్థి 15 నెలలు ఉతకకుండా వాడిన జీన్స్‌లోనూ, అదే జీన్స్‌ను ఉతికి సుమారు రెండు వారాలు వాడాకా బ్యాక్టీరియా ఇంచుమించు ఒకే స్థాయిలో కనిపించింది. నీళ్ళ పొదుపు కోణంలోనూ దీనికి సమర్థన ఉంది. లీవైస్ 2015లో వేసిన లెక్కలో ఒక 501 జత జీవితకాలానికి 3,781 లీటర్ల నీళ్ళు పడతాయి, అందులో 23 శాతం ఇంట్లో ఉతకడానికి పోయేవే.

అయినా కెనడా చలి వేరు, విజయవాడ ఎండ వేరు. ఆ పరీక్షలో లెక్కపెట్టింది బ్యాక్టీరియాను. నూలు అరుగుదలను కాదు. చెమటతో కలిసి గుడ్డలో దిగిన దుమ్ము నడిచినప్పుడల్లా పోగుల్ని రాపిడి చేస్తుంది, తొడల మధ్య గుడ్డ ముందు చిరుగుతుంది. ఫ్రీజర్లో పెడితే శుభ్రమవుతుందన్నదీ నమ్మకండి, చలికి సూక్ష్మజీవులు చాలావరకు చావవు. వాసన వచ్చినా, చెమట మరకలు కనిపించినా రంగు గురించి ఆలోచించకుండా ఉతికేయండి: తిరగేసి, బ్లీచ్ లేని కొద్దిపాటి సబ్బుతో, విడిగా, నీడలో ఆరేసి.